పసుపు ఏప్రన్ ప్రగతి పత్రం

ఆ ఉదయం పని చాలా తేలికైనది. కొత్త టీచరమ్మ ఆటగదిలో ఓ మూల కూర్చుని, గువ్వ అనే మూడున్నరేళ్ల పిల్లను గమనిస్తూ పావుగంటకోసారి ఏం చేస్తోందో కాగితం మీద రాయాలి. దగ్గరికి వెళ్లకూడదు, పలకరించకూడదు. పలకరిస్తే పిల్లలు పిల్లల్లా ఉండరని ఆ శిశు కేంద్రం పెద్ద మేడమ్ గట్టి నమ్మకం.

గువ్వ చేరి మూడు నెలలైనా అక్కడ నోరు విప్పలేదు. "ఇంట్లో గలగలా మాట్లాడుతుందండీ" అని తల్లి చెప్పి చెప్పి అలసిపోయింది. కాగితంలో లేనిదాన్ని మేడమ్ నమ్మదు. ఇవాళ్టి కాగితాన్ని బట్టి గువ్వను తన ఈడు పిల్లలున్న పెద్ద గదికి పంపుతారు, లేదా ఇంకా పాకుతున్న పసివాళ్ల చిన్న గదికి పంపేస్తారు.

టీచరమ్మ పనిలో చేరి అది రెండో రోజు. అందుకే ఆమెను ఎంచుకున్నారు.

"పాతవాళ్లు ప్రేమకొద్దీ లేనివన్నీ రాస్తారు. నీకు ఏ పిల్లా తెలీదు కాబట్టి ఉన్నదే రాస్తావు" అంది మేడమ్.

"మరి గువ్వ ఎవరండీ?"

"పసుపు ఏప్రన్."

గదిలో ఎండ పల్చటి తెరల్లోంచి వడగట్టినట్టు పడుతోంది. రంగునీళ్ల వాసన. ఎవరో పిల్ల తనలో తాను కూనిరాగం తీస్తోంది. టీచరమ్మకు చిన్నప్పటినుంచీ ఓ అలవాటు ఉంది, కూర్చున్న చోట ఉండకపోవడం. కిటికీలో ఓ మబ్బు కనిపించింది. దాని మీద పడుకుంటే మెత్తగా ఉంటుందా, వీపు తడుస్తుందా అని తేల్చుకునేసరికి పావుగంట గడిచేది. ఉలిక్కిపడి తల తిప్పితే పసుపు ఏప్రన్ కనిపించేది. చూసినది రాసి, ఆమె మళ్లీ మబ్బెక్కేది.

ఈలోగా ఏప్రన్ గది అంతా ఊరేగుతోందని ఆమెకు తెలియదు.

మధ్యాహ్నానికి కాగితం మేడమ్ చేతికి వచ్చింది. పదింటికి ఏడు దిమ్మలు పేర్చింది. పదుంబావుకు ఏడుస్తున్న పిల్లకు బిస్కట్టు ఇచ్చింది. పదిన్నరకు ఎడమచేత్తో ఏనుగు బొమ్మ వేసింది. ముప్పావుకు కుడిచేత్తో పక్కవాణ్ణి కొట్టింది. పదకొండింటికి బల్లెక్కి "నేను లారీ నడుపుతా, అడ్డం రాకండి" అని అందరికీ చెప్పింది.

మేడమ్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. "రెండు చేతులూ ఆడుతున్నాయి. దానగుణం ఉంది, ధైర్యం ఉంది. ఉద్యోగం కూడా తేల్చేసుకుంది" అని మురిసిపోయి, వెంటనే తల్లికి ఫోన్ చేసింది. "మీ అమ్మాయి లారీ నడుపుతుందట. ఉన్నపళంగా రండి."

తల్లికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆఫీసు మీటింగు మధ్యలో లేచి, దారిలో అమ్మమ్మకు ఫోన్ చేసింది. తల్లి మెడలో ఆఫీసు బిళ్లతో, అమ్మమ్మ ఇంటి చెప్పులతో, చంకలో దూది, కట్టుగుడ్డల డబ్బాతో, ఇద్దరూ ఒకేసారి గుమ్మంలో పడ్డారు.

"దెబ్బలేమైనా తగిలాయా అమ్మా?" అంది అమ్మమ్మ ఆయాసపడుతూ.

"దెబ్బలేం లేవండీ, అంతా ప్రతిభే" అని మేడమ్ కాగితం చదివి వినిపించింది. తల్లి అక్కడే చిన్న కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. మూడు నెలల తర్వాత ఆమె మాట మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది.

గువ్వను పిలిపించారు. మేడమ్ మొదటిసారిగా ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "బల్లెక్కి లారీ అన్నది నువ్వేనా తల్లీ?"

"నేను కాదు" అంది గువ్వ.

మేడమ్ మళ్లీ కాగితంలోకి చూసింది.

"లారీ అన్నది ఉంగరాల జుట్టు వాడు. దిమ్మలు రెండు జడల పిల్ల పేర్చింది. ఏడు కాదు, తొమ్మిది. ఏనుగు కాదు, అది వాళ్ల తాతయ్య. ఏప్రన్ నాకు బిగుతుగా ఉందని ఇచ్చేశా. అందరూ తలా కాసేపు వేసుకున్నారు. టీచరమ్మ మబ్బు చూస్తోంది, నోరు తెరుచుకుని."

టీచరమ్మ నోరు మూసుకుంది. తల్లి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది.

"మరి ఇన్నాళ్లూ ఇక్కడ ఎందుకు మాట్లాడలేదమ్మా?" అంది తల్లి.

"అందరూ రాసుకుంటున్నారుగా. నన్నెవరూ ఏమీ అడగలేదు."

మేడమ్‌కు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. తర్వాత వెళ్లి హాజరు పట్టీ తెరిచింది.

మర్నాటినుంచి గువ్వ పెద్ద గదికి, టీచరమ్మ చిన్న గదికి వెళుతున్నారు.