మేనేజర్ కాలు నొప్పి

ఆ ఉదయం డ్రైవింగ్ మాస్టారి పథకం చాలా చిన్నది. మేనేజర్‌ని వెంటబెట్టుకుని వాకింగ్‌కని బయల్దేరాలి. వీధి మలుపు తిరగగానే కనిపించే బెంచీ మీద చతికిలబడాలి. పార్కు చుట్టూ తిరిగొచ్చేంత సేపు అక్కడే గడిపి, అలసిపోయిన మొహం పెట్టుకుని ఇంటికి చేరాలి. కొన్ని వారాలుగా ఈ ఏర్పాటు ఏ అడ్డంకీ లేకుండా సాగిపోతోంది. మేనేజర్ అంటే వాళ్ళ కుక్క. ఎవరొచ్చినా గేటు దగ్గరే ఆపి, చేతి సంచీతో సహా తనిఖీ చేస్తే గానీ లోపలికి వదలడు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది.

మాస్టారికి ఎడమ మోకాలు నొప్పి. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ళ వైపు కూడా క్లచ్చీ, బ్రేకూ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు చేసే తప్పులన్నీ ఇన్నేళ్ళూ ఆ మోకాలే దిద్దుతూ వచ్చింది. సంగతి ఇంట్లో చెప్పకపోవడానికి ఆయనకు రెండు కారణాలున్నాయి. మొదటిది, భార్య డ్రిల్లు టీచరు. ఒకసారి భుజం పట్టేసిందని నోరు జారినందుకు ఆర్నెల్ల పాటు రోజూ పొద్దున్నే పెరట్లో నిలబెట్టి, విజిల్ వేస్తూ చేతులు ఎత్తించి దింపించింది. భుజం బాగైన మాట నిజమే. కానీ ఇరుగుపొరుగు వాళ్ళు గోడ మీద నుంచి చూసి చప్పట్లు కొట్టడం ఆయన ఇంకా మరిచిపోలేదు.

రెండో కారణం మత్తు. మోకాలంటే ఆపరేషన్, ఆపరేషనంటే మత్తు, మత్తంటే కళ్ళు మూసుకోవడమే గానీ తెరవడం మన చేతుల్లో లేని వ్యవహారం. పక్క సీట్లో కూర్చున్నా సరే బ్రేకు మీద నుంచి కాలు తీయని మనిషికి ఆ ఊహే భరించరానిది. నొప్పినైనా భరిస్తాను గానీ మత్తు జోలికి పోనని ఆయన గట్టిగా నిర్ణయించుకున్నారు.

ఆ ఉదయమే టీచరు స్కూలుకి తొందరగా బయల్దేరి, సరిగ్గా ఆ బెంచీ ముందుకే వచ్చింది.

"ఇదేమిటండీ, ఇక్కడ కూర్చున్నారు?"

మాస్టారు అటూ ఇటూ చూశారు. కాళ్ళ దగ్గర తీరిగ్గా పడుకున్న మేనేజర్ కంటపడ్డాడు. "వీడు నడవనంటున్నాడోయ్. కాలు నొప్పనుకుంటా" అనేశారు.

అది ఎంత పెద్ద మాటో వెంటనే తెలిసొచ్చింది. టీచరు స్కూలుకి సెలవు పెట్టింది.

నొప్పి కాలు నేలకు తగలనివ్వకూడదని ఆవిడ మేనేజర్‌ని చంటిపిల్లాడిలా ఎత్తుకుని పశువుల డాక్టరు బల్ల మీదికి చేర్చింది. డాక్టరమ్మ వయసులో చిన్నదైనా నిదానస్తురాలు. నాలుగు కాళ్ళూ వంచింది, చాపింది, నొక్కింది. మేనేజర్ కిక్కురుమనలేదు. ఇంకేముంది, నొప్పి లేదనేస్తుంది అని మాస్టారు ఊపిరి పీల్చుకోబోయారు.

"అరవలేదని నొప్పి లేదనుకోకూడదండీ" అంది డాక్టరమ్మ. "కుక్కలూ పిల్లులూ నొప్పిని దాచుకుంటాయి. మనమే కనిపెట్టాలి."

ఎలా కనిపెట్టాలో కూడా చెప్పింది. మెట్లెక్కడానికి వెనకాడతాయి. లేవడానికి ఎక్కువ సేపు తీసుకుంటాయి. పడుకునే చోటు మారుస్తాయి. నొప్పి ఉన్న చోట పదే పదే నాకుతాయి. ముట్టుకుంటే విసుక్కుంటాయి. బయట ఒక పెద్దాయన ఒళ్ళో ముడుచుకుని గురగురమంటున్న పిల్లిని చూపించి, అది సంతోషంతోనే అంటోందని అనుకోనక్కర్లేదని, బాధలో కూడా పిల్లులు అలాగే గురగురమంటాయని చెప్పింది. వారానికి సరిపడా నొప్పి మాత్రలిచ్చి, మనుషుల మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేయొద్దని, కుక్కలకు అవి ప్రమాదమని, పిల్లులకైతే ప్రాణాంతకమని హెచ్చరించింది. టీచరు ఒక్క అక్షరం పోకుండా విని తలకెక్కించుకుంది.

ఆ వారం మాస్టారికి సుఖంగానే గడిచింది. మేనేజర్ మెట్లెక్కకూడదని మేడ మీదున్న వాడి పక్కని కింది గదిలోకి దింపారు. వాడికి తోడుగా పడుకుంటానని మాస్టారూ కిందికి దిగారు. వేణ్ణీళ్ళ సంచీ వాడి కాలి మీద పెడితే వాడు లేచి పోయేవాడు, మాస్టారు దాన్ని తన మోకాలి మీద పెట్టుకునేవారు. మాత్రలు వేసే పని ఆయనే అడిగి తీసుకున్నారు. నొప్పి లేని కుక్క నోట్లో మాత్ర వేయడానికి మనసొప్పక, ఒక్కోటీ తీసుకెళ్ళి డ్రైవింగ్ స్కూలు కారు అరలో దాచారు. రోజూ బెంచీ దాకా నడక మాత్రం యథాప్రకారం; అంతకు మించి వీడు నడవడం లేదని ఇంట్లో చెప్పేవారు.

వారం తిరిగేసరికి, మాత్రలన్నీ అయిపోయినా గుణం కనిపించలేదని టీచరు డాక్టరమ్మకి ఫోన్ చేసింది. అయితే ఎక్స్‌రే తీద్దాం, కాలు చాపి కదలకుండా ఉంచాలి కాబట్టి మత్తిస్తాం, రేపు పొద్దున్న ఏమీ పెట్టకుండా తీసుకురండి అని జవాబొచ్చింది.

మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. తను తప్పించుకున్న మత్తు వచ్చి వచ్చి మేనేజర్ మీద పడింది. వాడు పాపం, ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడ కూర్చోవడం తప్ప ఏ పాపం ఎరగడు. ఎలాగైనా ఆపాలి, నిజం చెప్పకుండానే ఆపాలి అనుకున్నారు. కడుపు ఖాళీగా లేకపోతే మత్తివ్వరు. కాబట్టి తెల్లారగానే బిస్కెట్ పట్టుకుని మేనేజర్ దగ్గరికి పిల్లిలా నడిచారు.

వంటగది గుమ్మంలో విజిల్ మోగింది.

"చేతిలో ఏమిటది?"

"నాకే. ఆకలేసింది" అని మాస్టారు దాన్ని తన నోట్లో వేసుకున్నారు. కుక్క బిస్కెట్ అంత గట్టిగా ఉంటుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. టీచరు చూస్తూ నిలబడింది కాబట్టి ఆసాంతం నమిలి మింగక తప్పలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ, పొద్దున్నుంచి ఏమైనా తిన్నాడా అని అడిగింది.

"తిన్నాడు, బిస్కెట్" అన్నారు మాస్టారు ఆశగా.

"తిన్నది ఈయనండీ" అంది టీచరు.

ఇక మిగిలింది ప్రశ్నలే. మత్తిచ్చాక గుండె ఆగదు కదా? ఆగకుండా మిషన్ పెట్టి చూస్తూనే ఉంటామంది డాక్టరమ్మ. మధ్యలో మెలకువ వస్తే? రాదు, ఒక మనిషి పక్కనే ఉండి ఊపిరి గమనిస్తుంటుంది. మరి చివర్లో రాకపోతే? వస్తుంది, చలేయకుండా దుప్పటి కప్పి, లేచి నిలబడేదాకా కనిపెట్టుకునే ఉంటాం.

"ఎనభై కిలోల బరువుండి, రిటైర్మెంట్ దగ్గర పడినా లేస్తారా?" అన్నారు మాస్టారు.

డాక్టరమ్మ తలెత్తి ఆయన్ని పరీక్షగా చూసింది. సిరంజి చేతిలోకి తీసుకుంది. మేనేజర్ తన గడ్డాన్ని మాస్టారి చేతి మీద ఆనించి, నువ్వున్నావుగా అన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. మాస్టారి గుండె నీరైపోయింది.

"ఆగండమ్మా. ముందు ఒక్కసారి వీణ్ణి నడిపించి చూడండి" అన్నారు.

టీచరు గొలుసు పట్టుకుంది. మేనేజర్ వరండా ఈ చివర నుంచి ఆ చివరికి ఆవిణ్ణి ఈడ్చుకుంటూ పరిగెత్తాడు. చూశారా, మాత్రలు పనిచేశాయి అని మాస్టారు సంబరపడిపోయారు. టీచరు మొహం కూడా వికసించింది. గండం గడిచిందనుకున్నారు.

"ఇప్పుడు మీరు పట్టుకోండి" అంది డాక్టరమ్మ.

మాస్టారు అడుగేశారు. మేనేజర్ పరుగు మాని, ఆయన మొహంలోకి చూసుకుంటూ ఒక్కో అడుగే వేశాడు. ఆయన ఎడమ కాలు ఈడ్చినప్పుడల్లా వాడు ఆగాడు, ఆయన కదిలాక కదిలాడు.

"కుక్కనక్కడే వదిలి, మీరొక్కరే ఇలా రండి."

ఒక్కరే వచ్చారు. ఇంకా నెమ్మదిగా వచ్చారు. అలవాటుగా కుర్చీలో కూలబడి మోకాలు రుద్దుకున్నారు. టీచరు ఆ చేతినే చూస్తోంది. మెట్లెక్కనిది ఎవరో, పడుకునే చోటు మార్చింది ఎవరో, ఒకేచోట పదే పదే తడుముకునేది ఎవరో ఆవిడకి ఒక్కొక్కటే అర్థమవుతున్నట్టు తెలిసిపోతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది చివరికి.

"మేనేజర్‌కి మొదలైనప్పటి నుంచి."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. కుక్క నొప్పి కనిపెట్టాలని వారమంతా కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కూర్చున్నాను, పక్కనున్న మనిషిది కనిపెట్టలేకపోయాను అని కళ్ళు తుడుచుకుంది. మాస్టారు తల దించుకుని, మోకాలంటే మత్తిస్తారనీ, మత్తిస్తే లేవనేమోననీ గొణిగారు.

"నేను బయటే కూర్చుంటాను" అంది టీచరు మెళ్ళో విజిల్ సర్దుకుంటూ. "లేవకపోతే విజిల్ వేస్తాను. ఎందుకు లేవరో చూస్తాను."

ఆ మాటతో ఆయన భయం నిజంగానే సగం తగ్గింది. మిగతా సగాన్ని పళ్ళ బిగువున అణచుకుని, ఆ మర్నాడే ఎముకల డాక్టరు ముందు కూర్చున్నారు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని, ఎప్పుడంటే అప్పుడు మత్తుకి సిద్ధమని అడక్కుండానే చెప్పారు.

డాక్టరు ఎక్స్‌రే చూసి నవ్వాడు. ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. రోజూ పొద్దున్నే ఎవరైనా దగ్గరుండి వ్యాయామం చేయిస్తే ఆర్నెల్లలో మోకాలు దారిలో పడుతుందన్నాడు. అలా చేయించేవాళ్ళు ఇంట్లో ఉన్నారా అని కూడా అడిగాడు. టీచరు నిటారుగా లేచి నిలబడింది.

పోనీ మత్తిచ్చే వైద్యం ఏదీ లేదా అని మాస్టారు రెండుసార్లు అడిగారు.