కంప్యూటరు గుర్రాలు

ఆ పొద్దున చక్రపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటివాడిని చదరంగంలో గెలిపించాలి, గది నిలబెట్టుకోవాలి.

తెనాలి నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో మేడమీది గదిలో ఒకే ఒక్క కంప్యూటరుతో క్లాసులు పెట్టుకున్నాడు పాపం. ఇంటివాడు సత్తయ్య ద్రాక్షతోటలు ప్లాట్లు చేసి అమ్మేశాక రోజంతా ఖాళీ. గది హాస్టలువాళ్లు అడిగారని, నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. ఆయనకు చదరంగం పిచ్చి కదా అని చక్రపాణి కంప్యూటరులో ఆట ఎక్కించి చూపిస్తే, మొదటిరోజే చిత్తుగా ఓడి మూతి ముడుచుకుని దిగిపోయాడు. అందుకని చక్రపాణి ప్రోగ్రాం మార్చాడు. కంప్యూటరు గుర్రాలు ఇక ఎగరవు, బంటుల్లాగా ఒక్కో గడి నడుస్తాయి.

"ఆట కట్టు!" సత్తయ్య కేక మేడంతా వినబడింది. "మిషిన్‌నే కొట్టిన! గదిల నువ్వే ఉండు సారూ. గని, దాని గుర్రం ఒక్క గడే పోతున్నదేంది?"

"అది... కొత్త పద్ధతండీ," అన్నాడు చక్రపాణి.

"కొత్త రూలా? అంతేలే, కంప్యూటర్ తప్పు చెయ్యదు గదా!"

అబద్ధం అక్కడితో ఆగితే ఈ కథే లేదు. సాయంత్రం కొత్తపేట టీ హోటల్లో చదరంగం ఆడుతూ సత్తయ్య తన చిన్ననాటి స్నేహితుడు కొండల్ గుర్రాన్ని ఎగరనివ్వలేదు.

"పుట్టినసంది ఎగురుతున్న గుర్రం నీ ఒక్కనికోసం నడుస్తదారా?"

"నాకోసం కాదురా, కంప్యూటర్ చెప్పింది!"

బోర్డు బోర్లా పడింది. మర్నాడు కొండల్ మేడెక్కాడు. "సారూ, నా గుర్రం ఎగరకపోతే నీది దొంగ మిషిన్ అని ఎల్బీ నగర్ దాక చెప్త."

చక్రపాణి వెంటనే కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఎవరి పేరు కొడితే వారి రూలు వచ్చేలా మళ్లీ ప్రోగ్రాం మార్చాడు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. కొండల్ పేరుకు గుర్రాలు ఎగిరాయి, కంప్యూటరు మాత్రం తప్పుడు ఎత్తులే వేసింది. అతనూ గెలిచాడు, మీసం తిప్పాడు.

ఆదివారం ఇద్దరూ కలిసే వచ్చారు. ఎవరి రూలు నిజమో తేల్చమని రెండు పేర్లూ కొట్టించారు. కంప్యూటరు గుర్రం ఒకసారి నడిచింది, ఒకసారి ఎగిరింది, చివరికి తన రాజునే తినేసి కూర్చుంది.

"నేనే మార్చానండీ," అని చక్రపాణి చేతులు జోడించాడు. "మీరు గెలవాలని."

"అంటే నేను గెల్వనే లేదా? ఇయ్యాలనే గది ఖాళీ చెయ్!" అని సత్తయ్య ఊగిపోయాడు.

ఆ లొల్లికి సత్తయ్య భార్య బాలలక్ష్మి గరిటెతో సహా పైకి వచ్చింది. సంగతి విని భర్తవైపు తిరిగింది.

"గది ఖాళీ అయితే నువ్వు మళ్ల ఇంట్లనే కూసుంటవ్. పప్పుల ఉప్పు లేదు, కూరల కారం లేదని నా పానం తింటవ్. నువ్వు పైకెక్కినసంది నేను జర నిమ్మలంగున్న. సారు యాడికి పోడు."

సత్తయ్య గరిటెను చూసి, మెల్లగా కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"సారూ, పొద్దుగాలకెళ్లి మాపటిదాక ఈ ఇద్దర్నీ ఆడిపియ్యి. దినాం గెలిపియ్యి," అంది బాలలక్ష్మి.

"మరి నా క్లాసులమ్మా?"

"ఈళ్లు లేసినంక చెప్పుకో."

గది దక్కింది. కంప్యూటరు ముందు కూర్చునే వంతు మాత్రం చక్రపాణికి ఇంకా రాలేదు.