యంత్రానికి వేడి చేసిన వైనం

ఆనకట్ట పూర్తయిన మూడో ఏట, కొత్తపేట కాలువలో పూడిక తీసే ఆవిరి యంత్రానికి వేడి చేసిందని సోమవారం ఉదయం రూఢి అయింది. నాలుగు తట్టల బురద ఎత్తేసరికి ఒళ్ళు కాలిపోయి ఆగిపోతోంది. గురువారానికి బాగుపడకపోతే దాన్ని ధవళేశ్వరం కార్ఖానాకి లాక్కుపోతామనీ, దాన్ని కడిగే అప్పన్న కూడా ఆరు నెలలు వెంట ఉండాలనీ కాలవల దొరగారు సెలవిచ్చేరు.

అప్పన్నకి పెళ్ళయి పన్నెండు రోజులు. సాయంత్రం ఇంటికెళ్తే అతని చెవి వెనక బురదని రత్నం కొంగుతో తుడిచి నవ్వుతుంది. ఆ నవ్వు వదిలి ఆరు నెలలు ధవళేశ్వరంలో ఉండడం అయ్యే పని కాదు. చల్లనీళ్ళు తిరిగే గొట్టంలో ఒండ్రు పట్టిందనీ, తీస్తే సరిపోతుందనీ పెద్దల సభలో మనవి చేసుకున్నాడు. సభ దయతో విని ఊరుకుంది.

ఊరి వైద్యం చూసే పంతులు కాశీవిశ్వనాథం గారు లేచేరు.

"మనిషికైనా యంత్రానికైనా వేడి వేడే. మాడుకి ఆముదం, కడుపులోకి మజ్జిగ, ఒంటికి నలుగు. శాస్త్రంలో లేని రోగం దీనికి మాత్రం ఎక్కణ్ణించి వస్తుంది?"

అంతా శాస్త్రోక్తంగా జరిగింది. పొగగొట్టానికి ఆముదం పట్టించేరు. నీళ్ళ గొట్టంలో తొమ్మిది కుండల మజ్జిగ, పైన సబ్జా గింజలు పోసేరు. అడుగు చట్రానికి ఊళ్ళో పెద్దావిడ వీరాయమ్మగారి ఆధ్వర్యాన ముత్తయిదువలు పాటలు పాడుతూ సున్నిపిండి పెట్టేరు. పెళ్ళిలో తనకి ఇందులో సగం నలుగు కూడా పెట్టలేదని అప్పన్న చిన్నబుచ్చుకున్నాడు. బుధవారానికి యంత్రం పులిసిన వాసన వేసింది గాని కదల్లేదు. చలవ ఒంటబడుతోందన్నారు కాశీవిశ్వనాథం గారు.

గురువారం తెలతెలవారుతుండగా రత్నం కొబ్బరీనెల కట్ట పట్టుకుని, అప్పన్నని వెంటబెట్టుకుని బయల్దేరింది. "పెద్దరికం ఆ పెద్దలదేనండి. ఒండ్రు మాత్రం మనదే," అంది. ఆమె గొట్టంలో పొడుస్తుంటే అతను చట్రం కింద దూరి ఎండిన సున్నిపిండి గీకేడు. కుండెడు ఒండ్రు, పెరుగు గడ్డలు, ఒక చేపపిల్ల బయటపడ్డాయి. చేపపిల్లని చూసి ఇద్దరూ నవ్వలేక చచ్చేరు.

పొద్దెక్కేసరికి యంత్రం పరుగందుకుంది. ఊరంతా మజ్జిగని కీర్తించింది. దొరగారు సంతోషించి, జొన్నాడలో మరో యంత్రం ఆగిందనీ, దీన్ని బాగుచేసినవాణ్ణి ఏడాదిపాటు అక్కడ నియమిస్తామనీ దుబాసీ చేత చెప్పించేరు. ఇంతకీ దేనివల్ల నయమైందో కడిగేవాణ్ణే చెప్పమన్నారు.

అప్పన్న ఓరకంట రత్నాన్ని చూసి చేతులు కట్టుకున్నాడు.

"ఆయ్, మజ్జిగేనండి. అంతా పంతులుగారి హస్తవాసండి."

కాశీవిశ్వనాథం గారు ఇరవై కుండలతో పడవెక్కేరు. జొన్నాడలో నెల్లాళ్ళు చలవ చేసినా యంత్రం కదల్లేదు. పెద్దలు విచారించి, లోపం మజ్జిగలో లేదనీ, ఆ ఊరి గేదెల్లో ఉందనీ ఏకగ్రీవంగా తేల్చేరు. ప్రస్తుతం గేదెల్ని మారుస్తున్నారు.