ఇంటికో కాటా!

పిల్లల ఒంటి బరువు గురించి భోజనాల బల్ల దగ్గర మాట్లాడకూడదట! ఎవరో డాక్టరమ్మ చెప్పిందని మా ఆవిడ అంటోంది. మరి ఏం మాట్లాడాలండీ? వాతావరణం గురించా? కన్నకూతురి కంచం ఎదురుగా ఉండగా వానల గురించి మాట్లాడేవాడు ఒక తండ్రేనా?

నేను ఆషామాషీ మనిషిని కాదు. ఇరవై రెండేళ్లుగా లారీల కాటా దగ్గర పని చేస్తున్నాను. ఖాళీ లారీని ఒకసారి, సరుకెత్తాక ఇంకోసారి తూచి, స్లిప్పు చింపి డ్రైవరు చేతిలో పెడతాను. టైర్లు అణిగిన తీరు చూసి ఎన్ని టన్నులో చెప్పగలను. అలాంటి నాకు, తొమ్మిదో తరగతి చదివే సొంత కూతురు ఎన్ని కిలోలుందో తెలియకపోతే లోకం నవ్వదూ?

అందుకే బాత్రూంలో ఒక డిజిటల్ కాటా పెట్టాను. ఫ్రిజ్ తలుపు మీద చార్టు అంటించాను. ప్రతి ఆదివారం పొద్దున్నే తూకం. మొక్కై వంగనిది మానై వంగునా?

దీనివల్ల ఎంత మేలు జరిగిందో చెప్తే నమ్మరు. ఇదివరకు మా అక్క ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో పెట్టేసేది. ఇప్పుడు మేనకోడలి బరువు మీదే ముప్పావుగంట! పిల్ల చిక్కిపోయిందని మా అమ్మ కళ్లొత్తుకున్న గంటకే, ఒళ్లు చేసిందని పక్కింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు. ఒకే పిల్ల, ఒకే పూట! ఇంతమందికి ఇంత పని కల్పించిన వస్తువు ఇంకోటుందా?

నేను మాత్రం ఏనాడూ నొప్పించేలా అనలేదు. మెట్లెక్కుతుంటే 'ఓవర్‌లోడ్' అన్నాను. రెండోసారి వడ్డించుకుంటుంటే 'రివర్స్, రివర్స్' అన్నాను. ప్రతిసారీ చివర 'నీ మంచికేరా తల్లీ' అని కలిపాను కూడా. అప్పుడల్లా మా ఆవిడ నా పొట్ట వంక చూసేది. అది హోదా అండీ, దాన్ని తూకం వెయ్యరు.

ఇక ఫలితాలంటారా? అమ్మాయి ఎంత క్రమశిక్షణలో పడిందంటే, మాతో కూర్చుని తినడమే మానేసింది. బల్ల మీద ఎంత చోటో! ఫోటో దిగుదామంటే ఫోన్ తనే పట్టుకుని మమ్మల్ని తీస్తుంది. మండుటెండలో కూడా నా పాత చొక్కా తొడుక్కుని తిరుగుతుంది. నాన్నంటే అంత ప్రేమ!

పోయిన ఆదివారం పెన్ను పట్టుకుని వెళ్లేసరికి బాత్రూం తలుపు ఓరగా తీసి ఉంది. అమ్మాయి జడ క్లిప్పులు తీసింది. వాచీ తీసింది. చెవి కమ్మలు కూడా తీసి సబ్బుపెట్టె పక్కన పెట్టింది. ఊపిరంతా బయటికి వదిలేసి కాటా ఎక్కింది. ఇరవై రెండేళ్లలో ఏ డ్రైవరూ ఇంత శ్రద్ధ చూపించలేదు! శభాష్ అనబోయాను.

తను నన్ను చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"నాన్నా, లారీకైతే స్లిప్పిచ్చి పంపించేస్తావుగా. నాకెప్పుడిస్తావు?"

రెండు కమ్మలు ఎంత బరువుంటాయండీ? మా పెద్ద కాటాకి అవి కనిపించను కూడా కనిపించవు. పాతిక టన్నులు చూసి బెదరని నేను పెన్ను మూత పెట్టేశాను. నా కూతురు ఆ కమ్మల బరువుకి కూడా భయపడుతోంది. ఆ భయం నేను పెట్టిందే.

అయినా సరే, ఇంటికో కాటా ఉండాలన్న మాట మీదే ఉన్నాను. మాది ఇప్పుడు వరండాలో పూలకుండీ కింద ఉంది, భేషుగ్గా పనిచేస్తోంది. చార్టు చింపి, దాని వెనక 'బండి వెళ్లవచ్చు' అని రాసి, సంతకం పెట్టి అమ్మాయికిచ్చాను. నవ్వలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది.

నిన్న మధ్యాహ్నం వచ్చి మా మధ్య కూర్చుంది. రెండోసారి వడ్డించుకుందని మా ఆవిడ తర్వాత చెప్పింది. నాకు తెలీదు. నేను వానల గురించి మాట్లాడుతున్నాను.