ఒత్తు బాకీ

వేలంత లావైనా లేని వైరులోంచి అక్షరాలు ఒత్తులు రాలిపోకుండా ప్రింటర్‌లోకి ఎలా పోతాయి? హరికిషన్‌కు పెళ్లినాటి నుంచీ ఇదే అనుమానం.

కారణం ఉంది. పెళ్లిపత్రికలో పిల్ల పేరు జ్ఞానేశ్వరికి కింది ఒత్తు పోయి "జానేశ్వరి" అని అచ్చయింది. "వైర్ల రాలిపోయిందన్నా" అని అచ్చుషాపాయన చేతులు దులుపుకున్నాడు. "హిందీల జానే అంటే పోవుడే గదరా! పిల్ల ఉంటదా, పోతదా?" అని అతని మేనత్త బుచ్చవ్వ పందిట్లోనే అడిగింది. ఆనాటి నుంచి అత్తింట ఆమె జానేశ్వరే.

"నీ ఒత్తు నీకు తెచ్చిస్త" అని పీటల మీదే మాటిచ్చాడు హరికిషన్. పూజాసామాను దుకాణంలో కుంకుమ తూచి తూచి తల నెరిసింది గాని ఒత్తు రాలేదు.

ఇప్పుడు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పత్రికలు ఈ సాయంత్రానికే కొండపాక చుట్టాలకు అందాలి. జ్ఞానేశ్వరి బడి ఆఫీసులో కంప్యూటర్ పనికి వెళ్లగానే, తానే పత్రిక కొట్టి ఆమెను ఆశ్చర్యపరచాలని ఇంటి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇల్లు ఊడుస్తుంటే ఊడిన ప్రింటర్ వైరును వెనక తడిమి ఒక బొక్కలో దూర్చాడు. బిగుతుగా పట్టింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పత్రికంతా కొట్టాడు.

నొక్కాడు. ప్రింటర్‌లో ఉలుకు లేదు. ప్రింటర్‌కు కుంకుమబొట్టు పెట్టి నొక్కాడు. పలుకు లేదు. "స్వామీ, నీ వ్రతానికే గదా" అని ఊదుబత్తి తిప్పుతూ వరుసగా నొక్కుతుంటే, మధ్యాహ్నం అన్నానికి వచ్చిన జ్ఞానేశ్వరి గొంతు వినబడింది.

"ఏందయ్యో, ప్రింటర్‌కు లగ్గం చేస్తున్నవా?"

"నీ మిషిను ఉలుకుతలేదే!"

"వైరు ఏ బొక్కల పెట్టినవ్?"

"పట్టిన బొక్కల."

"నా చెప్పు నీ కాలికి పడితే తొడుక్కొని దుకాణం పోతవా? గది ఇంటర్నెట్ వైరుది!"

ఆమె తెర వైపు ఒకసారి చూసింది. కొంగు చాటున నవ్వుకొని, వైరు పీకి పక్క బొక్కలో పెట్టింది.

ప్రింటర్ గుర్రుమంది. ఒక కాగితం, మరొకటి, ఇంకొకటి...

"ఆపవే! నేను నొక్కుతలేను!"

"ఇందాక నొక్కినవి గదా? అన్నీ ప్రసాదం లైన్ల నిలబడ్డట్టు నిలబడ్డయి."

"మరి ఒత్తులు రాలవా?"

"అక్షరాలు అక్షరాల లెక్క పోవు. ఉంది, లేదు, ఉంది, లేదు అని చిన్న ముక్కలై ఒకదానెనక ఒకటి పోతయి. గవి సరిగ్గ వచ్చినయా లేదా అని అవుతల ప్రింటరు చూస్కుంటది. తప్పొస్తే మళ్ల పంపుమంటది. వైర్ల ఒత్తు రాలదు."

"హమ్మయ్య!" ఏళ్లనాటి బరువు దిగింది హరికిషన్‌కు. "మనం మొక్కేది దేవునికి గూడ గట్లనే పోతదంటవా?"

"గాడ బొక్క తప్పైనా అందుతది. ముందుగాల కాయితం చూడు."

చూశాడు. ప్రతి కాగితం మీదా "హరికిషన్, జానేశ్వరి దంపతులు".

"వైర్ల రాలదంటివి!"

"వేళ్లల్ల రాలుతది."

"తెర మీద చూసినవ్ గదనే, చెప్పొద్దా?"

"చెప్తే మిషిన్‌తోనే సర్ది కొట్టేటోనివి. నాకు మాటిచ్చింది మిషినా, నువ్వా?" అని అతని చేతిలో పెన్ను పెట్టింది.

హరికిషన్ చాప మీద కూర్చొని, మొదటి పత్రికలో "జా" కింద పొందిగ్గా ఒత్తు దిద్దాడు. ఆమె తీసుకొని గట్టిగా చదివింది. "జ్ఞానేశ్వరి." కళ్లకద్దుకొని దేవుని పటం ముందు పెట్టింది.

"అమ్మయ్య, బాకీ తీరింది" అని పెన్ను మూయబోయాడు హరికిషన్.

"అసలు తీరింది" అంటూ మిగిలిన కట్టంతా అతని ముందుకు జరిపింది జ్ఞానేశ్వరి. "ఇగ మిత్తి కట్టు."