ఖాళీ గడులకు కాపలా

ఆ పొద్దున ప్రవల్లిక వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ప్రభుత్వోద్యోగులకు క్వార్టర్లు కేటాయించే సాఫ్ట్‌వేరులో ఒక తనిఖీ చేర్చాలి, మధ్యాహ్నం భీమేశ్వరరావుగారనే ఆఫీసరుకు చూపించాలి. ఆయన సరేనంటే నోయిడాలోని ఆ బుల్లి కంపెనీలో ఆమె ఉద్యోగం ఖాయం. కాదంటే ఢిల్లీ బేర్ సరాయ్‌లో అద్దెగది ఖాళీ చేసి ఊరికి రైలెక్కాలి.

చిక్కంతా లోపలున్న పాత లైబ్రరీతోనే, అంటే ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన ప్రోగ్రాముల మూటతోనే. దరఖాస్తులో పేరు గడి ఖాళీగా ఉన్నా అది కిమ్మనకుండా ఇల్లు ఇచ్చేసేది. రాసినవాడు ఎక్కడున్నాడో తెలియదు, దాని సోర్సు కోడు ఎవరి దగ్గరా లేదు. అందుకని ప్రవల్లిక దాన్ని ముట్టుకోకుండా బయట ఆస్పెక్టు అనే చిన్న కోడు ముక్క రాసింది. అది గుమ్మం దగ్గర కాపలావాడిలా నిలబడి, లైబ్రరీలో పని మొదలయ్యే ముందే గడులు చూసి, ఏదైనా ఖాళీగా ఉంటే ఆపేస్తుంది.

కేటాయింపు పనికి మాత్రమే పెడితే సరిపోయేది. కానీ పిల్లకు కుతూహలం ఆగలేదు. అన్ని పనులకూ పెడితే ఏమవుతుందో? ఆ పని పేరు చెరిపేసి, అన్నిటికీ వర్తించేలా నక్షత్రం గుర్తు పెట్టేసింది. పరీక్షించేలోపే భీమేశ్వరరావుగారు గుమాస్తా హనుమయ్యతో సహా దిగబడ్డారు.

"మావాడు ఎన్నాళ్లుగానో క్వార్టర్ కోసం తిరుగుతున్నాడు. వీడికే ఇచ్చి చూపించమ్మాయ్."

‘భార్య పేరు లేదు. కుదరదు,’ అంది తెర.

"నాకింకా పెళ్లి కాలేదు మేడమ్," అన్నాడు హనుమయ్య సిగ్గుపడుతూ.

"సెక్యూరిటీ ఫీచర్ సార్!" అంటూ కంపెనీ మేనేజరు మనోహర్ అడ్డుపడి, కంగారులో ఆ గడిలో తన భార్య పేరు కొట్టేశాడు.

ఈసారి ఖాళీ ఇళ్లు ఒక్కటీ లేవంది తెర.

"అచ్ఛా? నిన్ననేగా ఒకదానికి తాళం వేయించాను!" అన్నారు భీమేశ్వరరావుగారు.

ప్రవల్లికకు సంగతి అర్థమైంది. ఖాళీ ఇంటి రికార్డులో ఉండేవారి పేరు గడి నిండి ఉండదు, పేరు లేని ఇంటిని తన కాపలా బయటికి రానివ్వడం లేదు. భయం వేసింది, అయినా ఎంత పద్ధతిగా చెడిపోయిందో అని లోలోపల ముచ్చట కూడా వేసింది.

"సార్ రికార్డు పెట్టు. అందులో అన్ని గడులూ నిండి ఉంటాయి," గొణిగాడు మనోహర్.

పెట్టింది. పాత లైబ్రరీ ఏనాడూ చూడని గడి ఒకటి బయటపడింది. ‘పాత ఇల్లు వదిలిన తేదీ లేదు. కుదరదు.’

"అంటే సార్, కొత్తిల్లు తీసుకున్నాక కూడా పాతిల్లు మీ దగ్గరే ఉందా?" నిజంగా తెలుసుకోవాలనే అడిగింది ప్రవల్లిక.

హనుమయ్య తలెత్తి ఆఫీసరుగారి వంక చూశాడు. ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"మా బావమరిది సామాను కొంచెం ఉందిలే. ఈ వారంలో తీసేస్తాడు. హనుమయ్యా, ఆ ఇల్లు నీకే, ఠీక్ హై? సాఫ్ట్‌వేర్ బాగుందమ్మాయ్, బహుత్ బఢియా. సంతకం ఎక్కడ పెట్టాలి?"

అలా ప్రవల్లిక ఉద్యోగం ఖాయమైంది. మర్నాడు ఆమెకు అప్పజెప్పిన మొదటి పని, ఆఫీసర్ల రికార్డులకు ఆ తనిఖీ నుంచి మినహాయింపు రాయడం.