స్టీలు డబ్బాలో కంప్యూటరు

పోస్టుమాస్టరు ఇంట్లో దయ్యం దూరిందనీ, పట్టపగలు లైట్లు వాటంతటవే వెలిగి ఆరుతున్నాయనీ పక్కింటి దర్జీ భార్య చెప్పిందట. పాలు పోసే ఆయన దానికి ఇంకో రెండు దయ్యాలు కలిపి వీధి చివరిదాకా పోసొచ్చాడు.

నిజానికి దూరింది దయ్యం కాదు, అరచేతిలో పట్టే పచ్చ అట్టముక్కలాంటి కంప్యూటరు. ఫోనులో నొక్కితే చాలు, అది గాలిలో కబురందుకుని లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు నడిపిస్తుంది. ఆ ధీమాతో పోస్టుమాస్టరు ఆదివారం పొద్దున్నే గోడల మీది స్విచ్చులు పన్నెండూ పీకి బకెట్లో పడేశాడు. పదకొండింటికి తోడల్లుడు వస్తున్నాడు. ఆయన ఇంజనీరు. పోస్టుమాస్టరు బాగుచేసిన మిక్సీకి ఏ గతి పట్టిందో నలుగురిలో చెప్పి నవ్వే మనిషి.

"అక్కావాళ్లు వచ్చేసరికి ఇది నడవాలి. లేదంటే ఆ స్క్రూడ్రైవరు మా అమ్మకిచ్చేసి, మళ్లీ జన్మలో ముట్టుకోకూడదు," అంది భార్య. ఆయన ఒప్పుకున్నాడు.

తొమ్మిదింటికి అంతా బ్రహ్మాండంగా నడిచింది. కానీ ఆ యంత్రం బల్ల మీద ఒంటిమీద గుడ్డ లేనట్టు పడుండడం ఆయనకి నచ్చలేదు. వంటింట్లోంచి స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చి, తీగ పట్టేలా అంచు కాస్త వంచి, యంత్రాన్ని లోపల కూర్చోబెట్టి మూత బిగించాడు. స్టీలు దాటి గాలి కబురు లోపలికి పోదన్న సంగతి ఆయనకి తట్టలేదు.

ఫోను నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పది సార్లు నొక్కి, ఏమైందోనని మూత తీశాడు. గుమ్మంలో ఆగిపోయిన కబుర్లన్నీ ఒక్కుమ్మడిగా లోపల పడ్డాయి. లైట్లు వెలిగి ఆరి వెలిగాయి, మోటారు మొదలైంది. బాగానే ఉందని మళ్లీ మూత పెట్టాడు. ఇక మోటారుకి ఆగమని చెప్పే దిక్కు లేదు. ట్యాంకు పొంగి, దర్జీ పెరట్లో వేలాడుతున్న కొత్త కోట్ల మీద జలపాతమైంది. దర్జీ గోడ మీంచి తల పెట్టి పోస్టుమాస్టరు వంశాన్ని తాతల నుంచి వరసగా తలుచుకున్నాడు. అత్తగారు వెళ్లి కరెంటు మెయిన్ దించింది.

మెయిన్ మళ్లీ ఎత్తాక మరో మూడుసార్లు అదే తంతు. తీసి చూస్తే బుద్ధిమంతురాలు, మూసి కదిలితే మొండిఘటం.

"నేను కళ్లెదురుగా ఉంటే దీనికి భయం," అన్నాడాయన, కొంచెం గర్వంగానే.

పదకొండుకి పది నిమిషాలుందనగా ఆయన గోడ దగ్గర ఏదో మర బిగిస్తుంటే, టిఫిన్ డబ్బా కోసం ఇల్లంతా గాలిస్తున్న అత్తగారు వచ్చింది. యంత్రాన్ని తీసి బల్ల మీద పెట్టి, వంకరపోయిన అంచును తడుముకుంటూ డబ్బా పట్టుకుపోయింది. ఆయన వెనక్కి తిరక్కుండానే ఫోను నొక్కాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. కిటుకంతా ఆ మరలోనే ఉందని తేలిపోయింది.

తోడల్లుడు వచ్చాడు. లైటన్నా, ఫ్యానన్నా, మోటారన్నా పిలిస్తే పలికాయి. ఇంజనీరు నవ్వలేదు. ఆ మర మహిమ గురించి పోస్టుమాస్టరు పావుగంట చెప్పి, మురిసిపోతున్న భార్య వైపు ఒకసారి చూసి, డబ్బా తెప్పించి, యంత్రాన్ని అందులో పెట్టి దర్జాగా మూత వేశాడు. ఫోను నొక్కాడు. మళ్లీ మళ్లీ నొక్కాడు. తోడల్లుడి మీసం కింద ఏదో కదిలింది.

అత్తగారు వచ్చి రెండు వేళ్లతో మూత ఎత్తింది. ఫ్యాను ఆగి, తిరిగి, మళ్లీ ఆగింది.

"దీనికి ఏ రోగమూ లేదు బాబూ, నువ్వు పెట్టే మూతే దీని రోగం. ఆ స్క్రూడ్రైవరిలా ఇవ్వు."